వెచ్చని నేల మీద ఏం పరచాలి?

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున లేచి, రాత్రంతా ఖాళీగా పరచి ఉన్న ఒక చాప మీద ఒక కాలు, పక్కనే ఉన్న బండల నేల మీద రెండో కాలు పెట్టి చూడండి. బండ మీది కాలు జిల్లుమంటుంది. చాప మీది కాలికి అంత చలి తెలియదు. "బండ చల్లగా ఉంది, చాప వెచ్చగా ఉంది" అని మీరు తేల్చి చెప్పేస్తారు.

కాని థర్మామీటరు మీ మాట ఒప్పుకోదు. దాన్ని బండకు ఆనించి చూడండి, తర్వాత చాపకు ఆనించి చూడండి. రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే! రాత్రంతా ఒకే గదిలో ఉన్న వస్తువులు ఒకే ఉష్ణోగ్రతకు చేరుకుంటాయి కదా.

మరి మీ పాదం అబద్ధం చెప్పిందా? లేదు. పాదానికి తెలిసేది నేల ఎంత వేడిగా ఉందన్న సంగతి కాదు. తన వేడిని నేల ఎంత త్వరగా లాగేసుకుంటున్నదన్న సంగతి. పాదం చర్మం 32 డిగ్రీల సెంటిగ్రేడు, నేల 20 డిగ్రీలు అనుకుందాం. పాలరాతి మీద కాలు పెట్టిన క్షణంలో చర్మమూ రాయీ కలిసిన చోట ఉష్ణోగ్రత ఇంచుమించు 24 డిగ్రీలకు పడిపోతుంది. అదే చెక్క మీద పెడితే 29 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. రాయి వేడిని చకచకా లోపలికి పంపేస్తుంది. చెక్క, చాప, తివాచీ అలా పంపలేవు. అందుకే మొదటిదాన్ని మంచి ఉష్ణవాహకమనీ, మిగతావాటిని అధమ వాహకాలనీ అంటాం.

ఇప్పుడు ఒక ప్రశ్న. నేల అడుగున పొయ్యి పెట్టి, ఆ నేలనే వేడి చేసి గదిని వెచ్చగా ఉంచాలనుకోండి. ఆ నేల మీద ఏం పరచాలి? చల్లగా తగిలే రాయా, వెచ్చగా తగిలే తివాచీయా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకున్న ఇళ్లలో బోలెడంత ఇంధనం వృథా అయింది. ఒక దేశంలోనైతే నేల మీది కప్పులో పడిన చిన్న పగుళ్లు మనుషుల ప్రాణాలే తీశాయి.

కాగితం పరచిన నేల

మన ప్రాంతాల్లో చలి కొద్ది వారాలే ఉంటుంది. కొరియాలో అలా కాదు. సియోల్ నగరంలో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉంటుంది. అక్కడివాళ్లు కూడా మనలాగే చెప్పులు బయట విడిచి ఇంట్లోకి వస్తారు. నేల మీదే కూర్చుని తినడం, నేల మీదే పరుపు వేసుకుని పడుకోవడం వాళ్ల పాత అలవాటు. అంత చలిలో నేల మీద బతకాలంటే నేల వెచ్చగా ఉండాలి. అందుకు వాళ్లు శతాబ్దాల కిందటే కనిపెట్టిన ఏర్పాటు పేరు ఒండోల్.

వంటింటి పొయ్యి గది నేలకంటే పల్లంలో ఉంటుంది. పొయ్యిలోని వేడి పొగ నేరుగా పైకి పోదు. పక్కనున్న గది నేల కింద కట్టిన సన్నని కాలువల గుండా సాగి, గది అవతలి వైపున్న పొగగొట్టంలోంచి బయటకు పోతుంది. ఆ కాలువల మీద వెడల్పాటి రాతి పలకలు కప్పుతారు. పొగ వేడికి ఆ పలకలు కాగుతాయి. అన్నం ఉడికిన మంటతోనే గది కూడా వెచ్చబడుతుంది. రాయి త్వరగా చల్లారదు కనుక పొయ్యి ఆరిన తర్వాత కూడా గంటల తరబడి వెచ్చదనం నిలుస్తుంది.

రాతి పలకల సందుల్లోంచి పొగ గదిలోకి రాకుండా వాటి మీద మట్టి మెత్తుతారు. ఆ మట్టి మీద ఏం పరిచేవారో తెలుసా? కాగితం! కాగితపు మల్బరీ చెట్టు బెరడుతో చేసిన గట్టి కాగితాన్ని పొరలు పొరలుగా అంటించేవారు. దాని మీద నానబెట్టి రుబ్బిన సోయా గింజలను, పెరిల్లా అనే మొక్క గింజల నూనెతో కలిపి బాగా రుద్దేవారు. అది ఆరి, పసుపు రంగులో నిగనిగలాడే నేల తయారయ్యేది. ఈ నేలకప్పును జాంగ్‌పాన్ అంటారు.

కాగితం అధమ వాహకం కదా, వేడిని ఆపేయదా అని మీకు అనుమానం రావచ్చు. వచ్చి తీరాలి కూడా. దానికి జవాబు కాగితపు మందంలో ఉంది. వేడికి ఒక పొర ఎంత అడ్డు పడుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పదార్థం ఎలాంటిది, పొర ఎంత మందం. నూనె కాగితం మందం కొద్ది మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందువల్ల అది ఆపే వేడి బహు తక్కువ. నూనె పట్టించడం వల్ల తడి గుడ్డతో తుడిచినా చెడిపోదు. అన్నిటికంటే ముఖ్యంగా, పొగను గదిలోకి రానివ్వదు.

ఆ చివరి గుణం ఎంత విలువైనదో తర్వాతి కాలంలో తెలిసివచ్చింది. 1950–53 నాటి కొరియా యుద్ధం తర్వాత నగరాల్లో కట్టెలు కరువయ్యాయి. బొగ్గుపొడిని అచ్చుపోసి, నిలువునా రంధ్రాలు పెట్టిన బొగ్గుదిమ్మలను ఒండోల్ పొయ్యిల్లో వాడసాగారు. అవి రాత్రంతా నెమ్మదిగా మండుతాయి. గాలి చాలినంత అందకుండా మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే రెండువందల రెట్లకు పైగా బలంగా ఈ వాయువును పట్టుకుంటుంది. కట్టెల పొగ అయితే కళ్లు మండించి నిద్ర లేపుతుంది. ఇది అలా లేపదు. మట్టి బీటలు వారిన చోట, కాగితం చిరిగిన చోట ఆ వాయువు గదిలోకి చేరి, నిద్రలో ఉన్నవారిని నిద్రలోనే చంపింది. ఇలా ఎన్నో కుటుంబాలు బలయ్యాయి.

క్రమంగా కొరియావారు పొగకు బదులు వేడినీటి గొట్టాలను నేలలో అమర్చుకున్నారు. మంట ఒక చోట, మనుషులు ఒక చోట అయ్యారు. ఇప్పుడు అక్కడి ఎన్నో ఇళ్లలో నూనె కాగితానికి బదులు వినైల్ ప్లాస్టిక్ పరుస్తారు. దాన్ని కూడా జాంగ్‌పాన్ అనే పిలుస్తారు. వస్తువు మారినా పేరు మారలేదు.

ఇక్కడ మనం కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చలికాలంలో తలుపులు, కిటికీలు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే పుట్టేది కూడా అదే వాయువు. అలా ఎన్నడూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి.

రోము నుంచి అమెరికా దాకా

నేలను వేడిచేసే ఆలోచన కొరియావారి ఒక్కరిదే కాదు. ప్రాచీన రోమన్లు తమ స్నానశాలల నేలను ఇటుక స్తంభాల మీద నిలబెట్టేవారు. ఆ స్తంభాలు రెండడుగుల ఎత్తు ఉండాలని క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో విట్రూవియస్ అనే వాస్తుశిల్పి రాసిపెట్టాడు. స్తంభాల నడుమ వేడిగాలి, పొగ తిరిగేవి. నేల మీద రాయి, పాలరాయి పరిచేవారు. ఇంగ్లండులోని బాత్ నగరంలో ఆ స్తంభాలను ఈనాటికీ చూడవచ్చు.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒకసారి జపాన్‌లో కొరియా పద్ధతిలో కట్టిన గదిలో కూర్చున్నాడు. పొయ్యి కనబడదు, గది మాత్రం హాయిగా వెచ్చగా ఉంది! ఆ అనుభవాన్ని ఆయన మరచిపోలేదు. 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో పూర్తయిన ఒక ఇంటికి ఆయన నేలలోనే వేడి గొట్టాలు పెట్టించాడు. పైన రంగు కలిపిన కాంక్రీటు నేలే ఉంది.

రాయి, కాంక్రీటు, పలుచని నూనె కాగితం: ఒకరినొకరు ఎరగని మనుషులు ఎంచుకున్న వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవేవీ వేడికి పెద్దగా అడ్డుపడవు.

ఎంత అడ్డు? లెక్క వేద్దాం

నేడు చలి దేశాల్లో, ముఖ్యంగా యూరపులో, కొత్త ఇళ్ల నేలల్లో ప్లాస్టిక్ గొట్టాలు పరచి వాటిలో గోరువెచ్చని నీటిని తిప్పుతారు. కొన్నిచోట్ల గొట్టాలకు బదులు విద్యుత్ తీగలు వాడతారు. గొట్టాల చుట్టూ సిమెంటు గచ్చు, దాని మీద నేలకప్పు ఉంటాయి. వేడి ఈ పొరల గుండా వహనం ద్వారా పైకి వస్తుంది. పైకి వచ్చాక గదిలోకి సంవహనం, వికిరణం ద్వారా చేరుతుంది.

నేల మరీ వేడెక్కితే పాదాలకు ఇబ్బంది. అందుకే మనుషులు తిరిగే చోట నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదని యూరపు ప్రమాణాలు చెబుతున్నాయి. గది 20 డిగ్రీలు, నేల 29 డిగ్రీలు ఉంటే ప్రతి చదరపు మీటరు నుంచి గదిలోకి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. గోడలు, కిటికీలు చలిని బాగా ఆపే ఇంటికి అందులో సగం, అంటే 50 వాట్లు చాలు. అప్పుడు నేల పైభాగం 25 డిగ్రీలు ఉంటే సరిపోతుంది.

ఇక ఉష్ణనిరోధం అంటే ఏమిటో చూద్దాం. ఒక చదరపు మీటరు పొర గుండా ఒక వాటు వేడి ప్రవహించడానికి, ఆ పొర అడుగు భాగం పై భాగం కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలో, అదే ఆ పొర ఉష్ణనిరోధం. మందాన్ని మీటర్లలో రాసి పదార్థపు ఉష్ణవాహకతతో భాగిస్తే ఇది వస్తుంది. మందం పెరిగితే నిరోధం పెరుగుతుంది. వాహకత పెరిగితే తగ్గుతుంది.

పది మిల్లీమీటర్ల పింగాణీ పలకకు నిరోధం సుమారు 0.01. పలుచని వినైల్‌కు 0.02. పదిహేడు మిల్లీమీటర్ల ఓక్ చెక్కకు 0.10. ఒక మాదిరి తివాచీకి 0.15. అడుగున నురుగు ప్లాస్టిక్ పరచిన దళసరి తివాచీకి 0.30 కూడా ఉండవచ్చు.

మనకు కావలసింది 50 వాట్లు. కనుక ఒక్కొక్క అంకెనూ 50తో హెచ్చించండి. పింగాణీ పలక కింద గచ్చు అర డిగ్రీ ఎక్కువ ఉంటే చాలు, అంటే 25.5 డిగ్రీలు. వినైల్ కింద 26 డిగ్రీలు. ఓక్ చెక్క కింద 30 డిగ్రీలు. మాదిరి తివాచీ కింద 32.5 డిగ్రీలు. దళసరి తివాచీ కిందనైతే ఏకంగా 40 డిగ్రీలు ఉండాలి! గదిలో మనిషికి అందే వెచ్చదనం మాత్రం అన్నిటిలోనూ ఒక్కటే.

ఆ అదనపు డిగ్రీల ఖర్చు ఎవరు భరించాలి? నీటిని వేడిచేసే యంత్రం భరించాలి, దాని వెనుక ఇంటి యజమాని భరించాలి. బయటి చల్లని గాలిలోంచి వేడిని తోడి ఇంట్లోకి పంపే ఉష్ణపంపులు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి. బావి ఎంత లోతైతే నీళ్లు తోడడానికి అంత శ్రమ పడాలి కదా. అలాగే నీరు ఎంత ఎక్కువ వేడిగా కావాలంటే ఉష్ణపంపు అంత ఎక్కువ విద్యుత్తు తింటుంది.

ఇంకో చిక్కు ఉంది. వేడికి "పైకే పో" అని ఎవరూ చెప్పలేదు. దారి సులువైన వైపు అది ఎక్కువగా పోతుంది. పైన దళసరి తివాచీ అడ్డు ఉంటే, అడుగున ఉన్న మట్టిలోకి మరింత వేడి జారిపోతుంది. అందుకే గొట్టాల కింద బెండు వంటి నురుగు ప్లాస్టిక్ పలకలు పరుస్తారు. అడుగున గట్టి అడ్డు, పైన తేలికైన దారి: వెచ్చని నేల రహస్యం ఇంతే. యూరపు పద్ధతి ప్రకారం నేలకప్పు నిరోధం 0.15 దాటకూడదు.

ఏది ఎక్కడ?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీకే తెలిసిపోయింది. తెల్లవారుజామున మీ పాదం వేడిని చకచకా లాగేసుకున్న ఆ బండే, అడుగు నుంచి వచ్చే వేడిని చకచకా మీ పాదానికి అందిస్తుంది. రెండు పనుల వెనుకా ఉన్నది ఒకే గుణం. వెచ్చని నేలకు రాయి, పింగాణీ పలక మేలైనవి. తడి తగిలే స్నానాలగదికి, వంటింటికి ఇవి మరీ తగినవి. వేడికి అన్నీ కాస్త వ్యాకోచిస్తాయి కనుక పెద్ద గదుల్లో పలకల నడుమ అక్కడక్కడ మెత్తని సందులు వదలాలి. రైలు పట్టాల మధ్య సందు వదలడం మీరు పాఠంలో చదివే ఉంటారు.

వినైల్ పలుచన కనుక వేడికి అడ్డురాదు. కాని ఎక్కువ వేడికి మెత్తబడి ముడతలు పడవచ్చు, రంగు మారవచ్చు. అందువల్ల తయారుచేసినవారు చెప్పిన ఉష్ణోగ్రత దాటనివ్వకూడదు.

చెక్క సంగతి కొంచెం తిరకాసు. వర్షాకాలంలో తలుపు బిగుసుకుపోవడం, ఎండాకాలంలో సులువుగా పడడం మీ ఇంట్లో చూశారా? చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరిపోయి కుదించుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవునా దాదాపు మారదు, అడ్డంగా చాలా మారుతుంది. కింద వేడి తగిలే చెక్క చలికాలమంతా ఆరుతూనే ఉంటుంది. పలకల మధ్య సందులు పడతాయి, అంచులు లేస్తాయి. అందుకే చెక్క నేల పైభాగాన్ని 27 డిగ్రీలు దాటనివ్వరు. పరిచే ముందు గచ్చును బాగా ఆరనిస్తారు. ఒకే ముక్కగా ఉన్న వెడల్పాటి పలకల కంటే, పలుచని పొరలను అడ్డదిడ్డంగా అంటించి చేసిన పలకలు నయం. ఒక పొర కుదించుకోబోతే, దానికి అడ్డంగా ఉన్న మరో పొర పట్టి ఆపుతుంది. ప్లైవుడ్ వంకర పోకపోవడానికి కారణం ఇదే. జాతుల్లో కూడా తేడా ఉంది: బీచ్ చెక్క ఎక్కువ కుదించుకుంటుంది, మన టేకు తక్కువ.

తివాచీ పరచకూడదా? పలుచనిదైతే పరచవచ్చు. కాని అడుగున విద్యుత్ తీగలుంటే మరింత జాగ్రత్త కావాలి. వేడినీటి గొట్టం మీద పరుపు వేస్తే దాని కింద ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను మించి పెరగదు. విద్యుత్ తీగ అలా కాదు. పైన ఏమున్నా లేకున్నా అది అన్నే వాట్ల వేడి ఇస్తూ పోతుంది. వేడికి దారి మూసుకుపోతే అక్కడే పోగుపడి, ఉష్ణోగ్రత పెరుగుతూ చెక్క నల్లబడవచ్చు, తీగ చెడిపోవచ్చు. అందుకే అటువంటి నేల మీద పరుపులు, అడుగు నేలకు ఆనే పెట్టెలు వేయవద్దంటారు. హద్దు దాటితే విద్యుత్తును ఆపే పరికరం కూడా అమరుస్తారు.

మీరే చేసి చూడండి

నెయ్యి పేరుకునే చలి ఉదయం ఇందుకు మంచి సమయం. అంగుళం మందానికి మించని మూడు ముక్కలు తీసుకోండి: ఒకటి నేలకు పరిచే పింగాణీ పలక, రెండోది అదే మందం ఉన్న చెక్క, మూడోది అదే మందం వచ్చేలా మడిచిన కంబళి గుడ్డ. వెడల్పాటి గిన్నెలో పెద్దవాళ్ల సాయంతో వేడినీళ్లు పోసి, దాని మీద స్టీలు పళ్లెం బోర్లించకుండా మూతలా పెట్టండి. పళ్లెంలో మూడు ముక్కలను పక్కపక్కన ఉంచండి. ఒక్కొక్కదాని మీద చిన్న కాగితం ముక్క, దాని మీద శనగగింజంత పేరునెయ్యి పెట్టి గడియారం చూడండి.

ఏ నెయ్యి ముందు కరిగింది? ఎన్ని నిమిషాలకు? ఇప్పుడు చెక్క ముక్కను సగం మందం ఉన్నదానితో మార్చి మళ్లీ చేయండి. సమయం ఎలా మారింది? నోటు పుస్తకంలో పట్టిక వేసుకుని మీ మాస్టారికి చూపించండి.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న గురించి ఆలోచించండి. మన ఊళ్లలో మే నెలలో మిద్దె పైకప్పు కాగి, ఆ వేడి గదిలోకి దిగుతుంది. అక్కడ మనకు కావలసింది వేడికి సులువైన దారా, గట్టి అడ్డా? పైకప్పు మీద ఏం పరిస్తే బాగుంటుంది? కొరియా నేల గురించి ఇప్పుడు వేసిన లెక్కే దానికి కూడా పనికొస్తుంది. ఈసారి మాత్రం మీకు కావలసిన అంకె చిన్నది కాదు, పెద్దది.